కూర్చున్నవారి గడి

ఆ ఊరికంటే అడుగులాయన ఎనిమిదేళ్ళు పెద్ద. తనకంటే పెద్దదైన ఊళ్ళో బతకడం అందరూ చేసేదే. తనకంటే చిన్న ఊరు కళ్ళముందు పెరుగుతుంటే దాని వెంట నడిచే భాగ్యం మాత్రం ఏ కొద్దిమందికో. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా "ఏముందండీ ఇక్కడ, అంతా సిమెంటూ, తిన్నటి రోడ్లూ" అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "రేప్పొద్దున ఆరింటికి రండి, చూపిస్తాను" అనేవాడు. వచ్చినవాళ్ళు తొమ్మిదింటికి కాళ్ళు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆయన మాత్రం చెమటైనా పట్టకుండా, ఇంకా రెండు సెక్టార్లు మిగిలాయని గొణిగేవాడు.

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని ఆయన భార్య తరచు అనేది. కాలు ఆయనదీ, నోరు తనదీ కాబట్టి సంసారం సరిపోయిందని కూడా తనే అనేది.

అడుగులాయన అసలు ఉద్యోగం ప్లానింగ్ ఆఫీసులో. కుర్చీ బల్లా ఉండేవి గానీ వాటితో ఆయనకు పెద్దగా పరిచయం లేదు. ఆ ఆఫీసులో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. కొత్త తోట వేసిన ఏడాదిదాకా అందులో బాట వెయ్యరు. గడ్డి పెంచి వదిలేస్తారు. జనం తమకు తోచిన దారిన నడుస్తారు, నడిచినచోట గడ్డి చస్తుంది. అప్పుడొక మనిషి వెళ్ళి, ఆ చచ్చిన గడ్డిమీద సున్నంతో గీత గీస్తాడు. గీత వెంట రాళ్ళు పరుస్తారు. మనిషికి దారి చెప్పడం కాకుండా మనిషినడిగి దారి వేసే ఆఫీసు ప్రపంచంలో ఇదొక్కటే అని అడుగులాయన నమ్మకం. నిజమో కాదో ఆయన వెళ్ళి చూసిరాలేదు.

సున్నం డబ్బా పట్టుకున్న ఆ మనిషి ఆయనే. ఆయన అడుగు కచ్చితంగా ముప్పై అంగుళాలు. ఎత్తెక్కినా, పల్లం దిగినా, వెనక కుక్క తరిమినా అంతే. టేపు పెట్టి మూడుసార్లు కొలిచి మరీ ఉద్యోగమిచ్చారు. ఆ రోజునుంచి అందరూ అడుగులాయన అనే పిలిచారు. అసలు పేరు జీతం కాగితం మీదే మిగిలింది.

సున్నం గీతలు కాక ఇంకో పని కూడా ఉండేది. ఊళ్ళో తోటలన్నీ వారానికోసారి తిరిగి, తోటకో పేజీ చొప్పున పుస్తకంలో రాయాలి. పేజీలో రెండు గడులు. ఒకటి నడిచినవారు, రెండోది కూర్చున్నవారు. కింద సంతకం. నకలు ఆఫీసుకు వెళ్ళేది, పుస్తకం ఆయన దగ్గరే ఉండేది. ముప్పైరెండేళ్ళలో అరవైనాలుగు పుస్తకాలయ్యాయి.

ఆయనతో నడిస్తే ఊరు మరోలా కనబడేదన్నది మాత్రం నిజం. నాలుగో సెక్టార్‌లో స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్ళ కింద నుంచి తీసుకెళ్ళేవాడు. కింద అంతా ఖాళీ, నీడ, గాలి. పై ఇళ్ళవాళ్ళ సైకిళ్ళూ, ఆరేసిన దుప్పట్లూ, ఒక మూల చదరంగం ఆడుకునే ముసలివాళ్ళూ. ఆ తర్వాత కోర్టు భవనం. దాని కిటికీలకు బయట నిలువుగా సిమెంటు రెక్కలుంటాయి. ఎండ పది గంటలకు ఒక రెక్కమీద, మధ్యాహ్నం మరోదానిమీద పడుతుంది తప్ప గదిలోకి రాదు. "చూశారా, ఫ్యాన్లు రాకముందే ఆలోచించారు" అని తానే కట్టినంత గర్వంగా చెప్పేవాడు. అక్కడినుంచి నీళ్ళ కాలువ పక్కన, రెండు వరసల చెట్ల మధ్య, గుండ్రటి గ్రంథాలయం దాకా. గ్రంథాలయం గోడలకు రంగు వెయ్యలేదు. సిమెంటు పోసినప్పుడు వాడిన చెక్కల అచ్చులు, వాటి గీతలూ ముడులూ అలాగే ఉండిపోయాయి. ఆయన వాటిమీద చెయ్యి వేసి చూడమనేవాడు.

గ్రంథాలయం వెనకాల ఏడో సెక్టార్ తోట. మూడు వైపులా గోడలే కావడంతో అది ఎటూ పోయే దారి కాదు. పనిగట్టుకుని వెళ్ళి కూర్చోవాలే తప్ప దారినపోతూ తగిలే చోటు కాదు. లోపల నలభై పైచిలుకు చెట్లు, పదకొండు సిమెంటు బెంచీలు. ఊరి మొత్తంలో ఆయనకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. కథ కూడా అక్కడే ఉంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆ తోట పేజీలో కూర్చున్నవారి గడిలో "ఒకరు, రోజూ" అని రాశాడు. ఆ ఒకరు ఒక కుట్టుపని ఆవిడ. ఇంట్లో ఉన్నది ఒక్క గది, మనుషులు ఐదుగురు. గుండీలు కుట్టడానికి వెలుతురు చాలక తోటకు వచ్చేది. ఆయన రాసిన పేజీ ఆఫీసులో చేతులు మారి కాపలా విభాగానికి వెళ్ళింది. వారం తిరక్కుండా ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి, ఇది తిరగడానికే గానీ కాపురం పెట్టడానికి కాదని ఆవిణ్ణి లేపేశారు. నెల్లాళ్ళు ఆవిడ కనబడలేదు. తన రాతవల్లే ఆ పని జరిగిందని తెలిసి అడుగులాయనకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

ఆ మరుసటి ఏడే బావమరిది వచ్చి ఇంట్లో చేరాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. డ్రాయింగు పరీక్ష రెండుసార్లు తప్పాడు, తండ్రి మాట్లాడ్డం మానేశాడు, అక్క తీసుకొచ్చేసింది. అది రెండు గదుల ఇల్లు. పక్కింటివాళ్ళు పలకరించినప్పుడల్లా "తమ్ముడేం చేస్తున్నాడూ" అనే అడిగేవాళ్ళు. అది భరించలేక కుర్రాడు పొద్దున్నే ఉద్యోగానికి పోతున్నట్టు తయారై, అక్క కట్టిచ్చిన మూడు గిన్నెల క్యారియర్ పట్టుకుని ఏడో సెక్టార్ తోటకు పోయి, సాయంత్రందాకా బెంచీమీద కూర్చునేవాడు. ఆరు నెలలు అలా గడిచాయి.

మొదటి వారంలోనే ఒకరోజు పుస్తకంతో అడుగులాయన వచ్చాడు. బావమరిది లేచి నిలబడ్డాడు.

"బావా, నన్ను రాస్తావా?"

"రాయనులేరా, కూర్చో."

ఆ రోజు కూర్చున్నవారి గడిలో ఆయన అడ్డంగా ఒక గీత గీశాడు. పక్క బెంచీలో మళ్ళీ వచ్చి కూర్చున్న కుట్టుపని ఆవిడను కూడా ఆ గీతే దాచింది. ఆ తర్వాత అదే అలవాటైంది. తోటలో కూర్చునేవాళ్ళు ఎవరు? పని పోయి ఇంట్లో చెప్పుకోలేనివాళ్ళు, అత్తపోరు పడలేక గంటసేపు తప్పించుకొచ్చిన కోడళ్ళు, ఆస్పత్రిలో ఎవరినో పడుకోబెట్టి వచ్చినవాళ్ళు. వీళ్ళను కాపలావాళ్ళకు పట్టివ్వడం ఆయనకు చేతకాలేదు. ముప్పై ఏళ్ళు గీతలే గీశాడు.

బావమరిది ఆ బెంచీమీదే చెట్లను చూసి, గ్రంథాలయం గోడను చూసి గీస్తూ గీస్తూ చెయ్యి తిరిగినవాడయ్యాడు. మూడోసారి పరీక్ష గట్టెక్కాడు. అడుగులాయనే నలుగురినీ బతిమాలి ప్లానింగ్ ఆఫీసులో వేయించాడు. చురుకైనవాడు, మెట్టు మెట్టు ఎక్కి ఆఫీసులో రెండో స్థానానికి వచ్చాడు. ప్రతి ఆదివారం అక్కగారింట్లోనే భోజనం. చెయ్యి కడుక్కుంటూ అనేవాడు, "నీ పుస్తకంలో మొదటి గీత నాదే బావా. నా ఉద్యోగం అక్కడే మొదలైంది." ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

అడుగులాయన రిటైరైన ఏడే ఊరికి యాభై నిండాయి. ఒక ఆదివారం బావమరిది వచ్చి పుస్తకాలన్నీ అడిగాడు. "గ్రంథాలయంలో ప్రదర్శన పెడుతున్నాం బావా. ఈ ఊరిని నీకంటే తెలిసినవాడెవరు? నీ పుస్తకాలు అద్దాల పెట్టెలో ఉండాలి." భార్య ఒక్కో పుస్తకాన్నీ పొడిబట్టతో తుడిచి, కట్టలు కట్టి ఇచ్చింది. తమ్ముడు వాటిని కారులో పెట్టుకుంటుంటే అడుగులాయన కిందిదాకా వెళ్ళి డిక్కీ మూత తనే వేశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయన్న సామెత ఆయనకు ఆ వేళ గుర్తు రాలేదు. సొంత బావమరిది దగ్గర ఎవరికైనా ఎందుకు గుర్తొస్తుంది?

ప్రదర్శన మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నడిచే వెళ్ళాడు. స్తంభాల ఇళ్ళ కింద నుంచి, కోర్టు రెక్కల నీడలోంచి, కాలువ పక్కన. దారిలో ముగ్గురు పలకరించారు. గ్రంథాలయం గుండ్రటి హాలు మధ్యలో అద్దాల పెట్టె, అందులో ఆయన పుస్తకం. తెరిచి ఉంచిన పేజీ ఏడో సెక్టార్ తోటది. పెట్టె పక్కన బల్లమీద ఊరి నమూనా. అట్టతో చేసిన బుల్లి ఇళ్ళు, స్పాంజి ముక్కల చెట్లు. చూడముచ్చటగా ఉంది. గ్రంథాలయం వెనకాల మాత్రం స్పాంజి ముక్కలు లేవు. తొమ్మిదంతస్తుల తెల్లటి భవనం ఉంది. కింద రెండంతస్తులు కార్లకు.

గోడమీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు. "వాడుకలో లేని స్థలం. ముప్పై ఏళ్ళ ప్రత్యక్ష పరిశీలనలో కూర్చున్నవారు: సున్నా. నడిచినవారు: అతి స్వల్పం." దాని కింద ఆయన అసలు పేరు, ఆయన సంతకం, వేలెడు ఉండేది మూరెడు చేసి అచ్చువేశారు.

ఎవరో ఆయన్ను గుర్తుపట్టి చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళూ కొట్టారు.

బావమరిదిని వరండాలో పట్టుకున్నాడు.

"ఆ గీత ఎందుకు పెట్టానో నీకు తెలుసు కదరా."

"తెలుసు బావా. నాకు తెలుసు, నీకు తెలుసు. కాగితంలో లేదు కదా."

"సున్నా అని నేనెప్పుడు రాశాను? గీత గీశాను."

"గీతని ఆఫీసులో సున్నా అనే చదువుతారు. ముప్పై ఏళ్ళు అక్కడ పనిచేశావు, నీకు నేను చెప్పాలా?" బావమరిది గొంతు తగ్గించాడు. "ఊరు పెరుగుతోంది బావా. ఎక్కడో ఒకచోట కట్టక తప్పదు. వేరే ఏ తోట ముట్టుకున్నా జనం గొడవ చేస్తారు. ఇదొక్కటే నోరులేనిది. నా మీద నమ్మకంతో ఈ పని అప్పజెప్పారు. చేస్తే పై కుర్చీ నాది. నీ చేతిరాతే లేకపోతే ఈ కాగితం కదిలేది కాదు, నీకు నేను రుణపడి ఉంటాను."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం గురించి అడుగులాయన విన్నాడు గానీ, లెక్కపెట్టినవాడు వచ్చి కృతజ్ఞతలు చెప్పడం మాత్రం అప్పుడే చూశాడు. కోపం రావలసినచోట సిగ్గు ముంచుకొచ్చింది. మన వేలితో మన కన్నే పొడిపించడమంటే ఇదేననుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ వేళ అడుగు ముప్పై అంగుళాలు పడలేదు.

ఎనిమిది రోజులకు అభ్యంతరాల విచారణ. తోటను కాపాడుకోవడానికి మిగిలిన దారి అదొక్కటే. కానీ అందుకు ఆయన ఏం చెప్పాలి? ముప్పై ఏళ్ళు తప్పుడు లెక్క రాశానని చెప్పాలి. ఊళ్ళో ప్రతి బాటకూ ఆ పుస్తకాలే ఆధారం. ఆయనకున్న పరువంతా వాటిలోనే ఉంది. ఏడు రోజులు మథనపడి, ఎనిమిదో రోజు వెళ్ళాడు.

విచారణాధికారి పెద్దావిడ, మర్యాదస్తురాలు. కుర్చీ వేయించి, చెప్పమంది. ఆయన నిలబడే చెప్పాడు.

"ఆ గడి అబద్ధమండీ. ఆ తోటలో రోజూ పది పదిహేనుమంది కూర్చుంటారు. నేనే దాచాను."

"ఎందుకు?"

"రాస్తే కాపలావాళ్ళు వచ్చి లేపేసేవాళ్ళు."

"అంటే ఆఫీసు పుస్తకంలో తెలిసి తెలిసి తప్పు రాశారా?"

"రాశానండీ."

"మరి రెండో గడి అబద్ధమైతే మొదటి గడి నిజమని ఎలా నమ్మమంటారు? మీరు చెప్పేదానికి ఎవరైనా సాక్ష్యం ఉన్నారా?"

అడుగులాయన బల్ల చివర కూర్చున్న బావమరిది వైపు తిరిగాడు. "ఆయన్నే అడగండి. ఆరు నెలలు ఆ బెంచీమీదే కూర్చున్నాడు. మొదటి గీత ఆయన కోసమే పెట్టాను."

హాలంతా అటు చూసింది. బావమరిది కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని బావ వైపు తిరిగాడు.

"నాకలాంటిదేం గుర్తు లేదండీ" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో అతను ఆయన్ను "అండీ" అనడం అదే మొదటిసారి. తోట పోవడం కంటే, పుస్తకం పరువు పోవడం కంటే, ఆ ఒక్క ముక్క ఎక్కువ కోసింది. ఆయన వయసు రీత్యా తడబడుతున్నారని, నోటిమాట కంటే చేతిరాతే బలమైన ఆధారమని తీర్పులో రాశారు.

ఇంటికి వచ్చి భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ స్టవ్ కట్టేసి, మొత్తం విని, "అండీ అన్నాడా?" అని ఒక్కటే అడిగింది. అన్నాడని చెప్పాడు. ఆవిడ మళ్ళీ స్టవ్ వెలిగించుకుంది.

మర్నాడు ఏడో సెక్టార్ తోటకు వెళ్ళాడు. కుట్టుపని ఆవిడ ఎప్పటి బెంచీమీదే ఉంది. జుట్టు నెరిసింది, దారం ఎక్కించడానికి సూది ఎండకు పెట్టి చూస్తోంది. ఆయన ఎదురుగా నిలబడి అంతా చెప్పేశాడు. కాపలావాళ్ళను పంపించిన రాత తనదేననీ, తర్వాత దాచిన గీతా తనదేననీ, ఆ గీతే ఇప్పుడు తోటను మింగుతోందనీ. మీ మంచి కోసమే చేశానమ్మా అన్నాడు.

ఆవిడ సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"మొదట మమ్మల్ని అడక్కుండా రాశారు. తర్వాత మమ్మల్ని అడక్కుండా మానేశారు. ఒక్కసారి అడిగితే ఏం పోయేదన్నా? మేం పదిమందిమి ఉన్నామని రాయండి, లేపితే లేపుతారు, మళ్ళీ వస్తాం అనేవాళ్ళం. నేను రాలేదా?"

బావమరిది తనకు చేసిందేమిటో అప్పటిదాకా ఆయనకు స్పష్టంగా తెలుసు. తాను వీళ్ళకు చేసింది ఆవిడ చెబితే తెలిసింది. రెండూ ఒకటి కాదని మనసుకు చెప్పుకున్నాడు గానీ అది వినలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. కూర్చోమని ఆవిడ అనలేదు.

సోమవారం తోట చుట్టూ రేకులు కట్టారు.

ఆ ఆదివారం బావమరిది భోజనం వేళకు మామూలుగానే వచ్చాడు. పై కుర్చీ వచ్చేసింది, ముఖంలో కాంతి ఉంది. చెప్పులు విప్పి, కుర్చీ లాక్కుని, ఏమీ జరగనట్టే మాట్లాడాడు. "బావా, కొత్త బిల్డింగు మెట్ల పక్కన నడవడానికి చిన్న బాట వేస్తున్నాం. దానికి నీ పేరు పెడదామని ఒప్పించాను. రాయి మీద చెక్కుతారు."

అడుగులాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

వంటింట్లోంచి భార్య వచ్చింది. చేతిలో మూడు గిన్నెల పాత క్యారియర్. మూత మీద సొట్ట అలాగే ఉంది. పొద్దున్నే అటకమీంచి దింపి తోమినట్టుంది. తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"ఇదేంటక్కా, ఇక్కడ తినడానికేగా వచ్చాను."

"ఇక్కడ నీకు కంచం లేదు. తీసుకెళ్ళు. అప్పట్లో ఎక్కడ కూర్చుని తినేవాడివో అక్కడే కూర్చుని తిను."

"అక్కా..."

"ఎక్కడో గుర్తు లేకపోతే మీ బావను అడుగు. ఆయనకు గుర్తుంది."

బావమరిది బావ వైపు చూశాడు. బావ చూడలేదు. కాసేపటికి కుర్చీ కదిలిన చప్పుడు, చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు. కిటికీలోంచి అతను కారు దగ్గరికి వెళ్ళడం కనబడింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

అడుగులాయన మెట్లు దిగాడు. కింది మెట్టు మీద క్యారియర్ గోడవారగా పెట్టి ఉంది. తీసుకుని పైకి తెచ్చాడు. ఇంకా వేడిగానే ఉంది. భార్య కొక్కెం విప్పి ఒక్కో గిన్నె దింపి బల్లమీద వరసగా పెట్టింది. దేన్నీ ముట్టుకోలేదు.

"ఆ ఆరు నెలలూ ఒక్క మెతుకు మిగిల్చి తెచ్చేవాడు కాదు" అంది.

ఆయన ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.